మిషన్ ట్రిప్‌లో నెల రోజులు ఇంగ్లిష్ నేర్పడానికి వెళ్తున్నారా? ఏ పని ముందు, ఏ పని తర్వాత

మిషన్ ట్రిప్ అంటే చర్చి తరఫున సేవకీ సువార్తకీ వేరే దేశం వెళ్లే ప్రయాణం. నెల రోజుల్లో ఎవరికీ ఇంగ్లిష్ రాదు. ముందు ఈ మాట మనసులో గట్టిగా పెట్టుకోండి. మిగతా ఏర్పాట్లన్నీ దీన్నిబట్టే నడుస్తాయి. ఒక్క ముక్క కూడా రాని మనిషి ఏ2 స్థాయికి, అంటే రోజువారీ చిన్న చిన్న అవసరాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి నెట్టుకురాగలిగే స్థాయికి చేరాలంటే దాదాపు 180 నుంచి 200 గంటల బోధన కావాలని కేంబ్రిడ్జ్ పరీక్షల విభాగం లెక్క. మీరు వారానికి ఐదు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున నాలుగు వారాలు చెప్పినా అయ్యేది 30 గంటలు.

మరి ఆ 30 గంటల్లో ఏం చేయొచ్చు? ఏళ్ల తరబడి గ్రామర్ చదివి కూడా ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే తల దించుకునే వాళ్ల చేత నోరు తెరిపించవచ్చు. అక్కడ ఏడాది పొడవునా పాఠం చెప్పే స్థానిక టీచర్ చేతికి పనికొచ్చే సరంజామా ఇచ్చి రావచ్చు. ఇది చిన్న పనేమీ కాదు. కానీ ప్రేమతో వెళ్తున్నాం కదా, అన్నీ అవే సర్దుకుంటాయిలే అనుకుంటే మాత్రం జరగదు.

1. ఒప్పుకునే ముందు అడగాల్సినవి

మిమ్మల్ని పంపే సంస్థనీ, అక్కడ మిమ్మల్ని పిలుస్తున్న సంఘాన్నీ (అంటే అక్కడి చర్చినీ) కొన్ని ప్రశ్నలు సూటిగా అడగండి. ఈ క్లాసు కావాలని అడిగింది ఎవరు? అక్కడి వాళ్లా, లేక టీమ్‌ని పంపాలి కాబట్టి ఇక్కడి వాళ్లు పెట్టిన కార్యక్రమమా? మీరు వెళ్లిపోయాక ఆ విద్యార్థులకు ఎవరు చెప్తారు? వాళ్లు పిల్లలా, కాలేజీ యువతా, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లా? క్లాసు గురించి వాళ్లకు ఏమని చెప్పారు? పిల్లల భద్రతకు సంబంధించిన నియమాలు కాగితం మీద ఉన్నాయా?

వీటన్నిటిలో నేను ఎక్కువ బరువిచ్చేది, మీరు వెళ్లిపోయాక ఎవరు చెప్తారన్న ప్రశ్నకి. మీ తర్వాత కొనసాగించే మనిషి అంటూ ఒకరు ఉంటే మీ నెల రోజులు వృథా పోవు. ఎవరూ లేకపోతే, కనీసం ఒక స్థానిక యువతినో యువకుడినో మీ పక్కన రోజూ కూర్చోబెట్టమని పాస్టర్ గారిని ముందే అడగండి. ఆ మనిషికి నేర్పడమే అసలు పని అవుతుంది.

క్లాసు అనాథాశ్రమంలో అంటే ఇంకాస్త ఆలోచించండి. అలాంటి చోట్ల ఉండే చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉంటారని, పేదరికం వల్లే అక్కడికి చేరతారని పిల్లల హక్కుల కోసం పనిచేసే సంస్థలు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నాయి. నెలకో కొత్త ముఖం వచ్చి, ముద్దు చేసి, చివరి రోజు ఏడిపించి వెళ్లిపోతుంటే ఆ పిల్లలకు మేలు జరగదు. బడిలోనో, సంఘం హాల్లోనో, సాయంత్రం ఇళ్లకు వెళ్లిపోయే విద్యార్థులకు చెప్పే అవకాశం ఉంటే అదే ఎంచుకోండి.

2. వీసా, చట్టం

"జీతం తీసుకోవడం లేదు కదా, టూరిస్ట్ వీసా చాలు" అని ఎవరైనా అంటే నమ్మకండి. జీతం లేని బోధననీ, స్వచ్ఛంద సేవనీ పనిగానే లెక్కగట్టే దేశాలు చాలా ఉన్నాయి. మతపరమైన పనికి వేరే వీసా ఇచ్చే దేశాలూ ఉన్నాయి. ఆ దేశ ఎంబసీ వెబ్‌సైట్‌లో చూడండి. అర్థం కాకపోతే ఎంబసీకే మెయిల్ పెట్టండి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి దాచుకోండి. పాస్‌పోర్ట్‌కి, మీరు దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. అది ఇవాళే తీసి చూసుకోండి.

సువార్త విషయంలో చట్టం ఏమంటుందో కూడా తెలుసుకునే వెళ్లాలి. ఉదాహరణకు నేపాల్ 2015 రాజ్యాంగం ఇతరుల మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న అక్కడి శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. ఇలాంటి చోట మీ తొందరపాటుకి మీరు కట్టే మూల్యం కన్నా, మీరు విమానం ఎక్కాక అక్కడే మిగిలిపోయే పాస్టర్ గారి కుటుంబం కట్టే మూల్యం ఎక్కువ. అందుకే ఎక్కడ ఏం మాట్లాడాలో, ఏ ఫోటో బయట పెట్టకూడదో అక్కడి సంఘమే చెప్పాలి. వాళ్లు వద్దన్నది చేయకండి.

3. క్లాసు ఎర కాకూడదు

విశ్వాసం పక్కన పెట్టి వెళ్లమని చెప్పడం లేదు. బైబిల్‌లో పౌలు సువార్త చెప్తూనే, బతకడానికి కొరింథు పట్టణంలో డేరాలు కుట్టాడు. ఆ డేరాలు నిజంగా ఎండకీ వానకీ ఆగేలా కుట్టి ఉంటాడనే నా నమ్మకం. మీ క్లాసూ అలాగే ఉండాలి. ఇంగ్లిష్ కోసం వచ్చినవాళ్లకి ఇంగ్లిష్ దొరకాలి. ఇంగ్లిష్ అని పిలిచి, కూర్చోబెట్టి, సగం సేపు ప్రసంగం చేస్తే అది అబద్ధం. సత్యాన్ని చెప్పడానికి వెళ్లినవాళ్లు అబద్ధంతో మొదలుపెట్టకూడదు.

ఆచరణలో ఇలా చేయండి. క్లాసు నడుపుతున్నది క్రైస్తవ సంఘమని పోస్టర్ మీదే రాయించండి. గంటన్నర క్లాసులో పాఠం తప్ప ఇంకేమీ వద్దు. బైబిల్ స్టడీ ఉంటే దానికి వేరే సమయం, వీలైతే వేరే గది పెట్టండి. "ఇష్టమైనవాళ్లు రావచ్చు, రాకపోయినా క్లాసులో ఏ తేడా ఉండదు" అని వాళ్ల సొంత భాషలోనే చెప్పించండి. సర్టిఫికెట్‌నీ, బహుమతుల్నీ, ముందు వరస సీట్లనీ దానితో ముడిపెట్టకండి. 18 ఏళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

ఇక "ఇంత దూరం ఎందుకొచ్చారు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అది వాళ్లంతట వాళ్లు అడిగిన ప్రశ్న, నిండు మనసుతో జవాబు చెప్పండి. సాత్వికంతో చెప్పమని బైబిల్‌లో పేతురు రాసిన మాట ఇక్కడ గుర్తుంటే చాలు. ఆ జవాబు చిన్న చిన్న వాక్యాల్లో, వాళ్లకి అర్థమయ్యే ఇంగ్లిష్‌లో, రెండు నిమిషాలకు మించకుండా ముందే తయారు చేసుకోండి. "రక్షణ", "అభిషేకం" లాంటి సంఘం మాటలు అలవాటు లేనివాళ్లకు ఏమీ చెప్పవు. మీ జీవితంలో ఏం జరిగిందో మామూలు మాటల్లో చెప్పండి.

4. బయల్దేరడానికి రెండు నెలల ముందు నుంచి

ఆరోగ్యం సంగతి త్వరగా తేల్చేద్దాం. కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు డాక్టర్‌ని కలవండి. కొన్ని టీకాలకు ఒకటికి మించి డోసులు ఉంటాయి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్, టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాత గానీ చెల్లదు. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది కాబట్టి జాగ్రత్తగా దాచుకోండి. వెళ్లేది మలేరియా ఉన్న ప్రాంతమైతే మాత్రలు అడగండి. వాటిలో కొన్నిటిని తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. అత్యవసరమైతే వేరే ఊరికో వేరే దేశానికో తరలించే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్స్ తీసుకోండి. తక్కువ ప్రీమియం పాలసీల్లో చాలాసార్లు అదే ఉండదు.

డబ్బు విషయానికొస్తే, సంఘంలో సహాయం అడిగేటప్పుడు లెక్క మొత్తం చూపించండి. ప్రయాణానికి ఎంత, వసతికి ఎంత, పాఠాల సామగ్రికి ఎంత అన్నది విడివిడిగా రాయండి. అక్కడి పిల్లల దీనమైన ఫోటోలు పెట్టి అడగకండి. మీ విద్యార్థులు అది చూస్తే ఏమనుకుంటారో ఒక్కసారి ఊహించుకోండి.

ఎక్కువ సమయం పెట్టాల్సింది బోధన నేర్చుకోవడానికి. ఇంగ్లిష్ మాట్లాడటం వేరు, నేర్పడం వేరు. ఇంగ్లిష్‌ని పరాయి భాషగా నేర్పడం ఎలాగో చెప్పే 120 గంటల టెఫ్ల్ (TEFL) కోర్సు చేయగలిగితే మంచిది. తీరిక లేకపోతే కనీసం సండే స్కూల్ పిల్లలనో, ఇంట్లో పెద్దవాళ్లనో కూర్చోబెట్టి కొన్ని పాఠాలు నిజంగా చెప్పి చూడండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, అందులో ఎంతసేపు మీరే మాట్లాడారో లెక్కపెట్టండి. మొదట్లో దాదాపు అందరిదీ ఒకటే కథ, క్లాసంతా టీచర్ గొంతే వినిపిస్తుంది.

మన ఉచ్చారణ గురించి ఒక మాట. ఇంగ్లిష్ మాట చివర అచ్చు చేర్చడం తెలుగు నాలుకకి అలవాటు. బస్ మనకి బస్సు, పెన్ మనకి పెన్ను అవుతాయి. ఇంట్లో అది ఇబ్బంది కాదు గానీ, మీ నోటి నుంచే మొదటిసారి ఆ మాట వినేవాళ్లు మీరు పలికినట్టే నేర్చుకుంటారు. వైన్ (vine, తీగ), వైన్ (wine, ద్రాక్షసారా) అని మనం ఒకేలా పలికే రెండు వేర్వేరు ఇంగ్లిష్ మాటల్లో, ఒకదానికి కింది పెదవి పళ్లకి తగలాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా ముందుకి రావాలి. అద్దం ముందు సాధన చేయండి. మన యాస ఉంటే ఏమైపోదు. స్పష్టంగా, నిదానంగా ఉంటే చాలు. పైగా మీరూ ఇంగ్లిష్‌ని కష్టపడి నేర్చుకున్నవాళ్లే. విద్యార్థి ఎక్కడ తడబడతాడో పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాళ్ల కన్నా మీకే బాగా తెలుస్తుంది.

5. మొదటి రోజు

పరీక్ష పేపర్ ఇవ్వకండి. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాట్లాడండి. పేరు, ఊరు, నిన్న ఏం చేశారు, వచ్చే ఏడాది ఏం చేయాలనుకుంటున్నారు. "నిన్న" దగ్గరే ఆగిపోయినవాళ్లు ఒక గుంపు, "వచ్చే ఏడాది" దాకా వచ్చినవాళ్లు ఇంకో గుంపు. నెల రోజుల క్లాసుకి ఈ మాత్రం విభజన సరిపోతుంది.

పేర్లు ఆ రాత్రే నేర్చుకోండి. కూర్చున్న చోట్లు బొమ్మ గీసి, పేర్లు మీ భాషలో ఎలా వినిపిస్తే అలా రాసుకోండి. వాటిని సరిగ్గా పలకడం స్థానిక టీచర్ దగ్గర సాధన చేయండి. రెండో రోజు పేరు పెట్టి పిలిచినప్పుడు ఆ ముఖాల్లో వచ్చే మార్పు మీరే చూస్తారు.

6. ఒక క్లాసు ఎలా నడపాలి

బస్ స్టాండ్‌లో సమయం అడగడం అనే పాఠం తీసుకుందాం. మొదటి పది నిమిషాలు నిన్నటి పాఠం. తర్వాత బోర్డు మీద ఒక బస్, ఒక గడియారం గీయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. ఏమీ రాయకుండా "వాట్ టైమ్ డజ్ ద బస్ లీవ్?" అని మామూలు వేగంతో మూడుసార్లు అనండి. వాళ్లు వినాలి, అంతే. ఆ తర్వాత క్లాసంతా కలిసి అనాలి, ఆపైన సగం సగంగా, ఆపైన పక్కవాళ్లతో, చివరికి ఒక్కొక్కరు. నోటికి వచ్చాకే బోర్డు మీద రాయండి. ముందే రాస్తే అక్షరాలు చూసి చదువుతారు, చెవి పని చేయదు.

"అర్థమైందా?" అని అడగకండి. ఏ దేశంలోనైనా తల ఊపుతారు. "బస్ ఏడింటికి వెళ్తుంది. నేను ఏడున్నరకి వెళ్లాను. బస్ దొరుకుతుందా?" అని అడగండి. "నో" అన్నవాళ్లకి అర్థమైనట్టు.

ఇప్పుడు కార్డులు. ఆరు ఊళ్లకు బస్ వేళలు ఉన్న పట్టిక రెండు రకాలుగా తయారు చేసి పెట్టుకోండి. మొదటి కార్డులో మూడు ఊళ్ల వేళలు ఉంటాయి, మిగతా మూడు ఖాళీ. రెండో కార్డులో దానికి సరిగ్గా ఉల్టా. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి కార్డు ఒకరికి కనపడకుండా, అడిగి మాత్రమే ఖాళీలు నింపుకోమనండి. 40 మంది ఉన్న గదిలో ఒకేసారి 20 మంది ఇంగ్లిష్‌లో మాట్లాడుతుంటారు. గోలగా ఉంటుంది, ఉండనివ్వండి. మీరు మధ్యలో తిరుగుతూ చెవి ఒగ్గి వినండి, తప్పులు చీటీ మీద రాసుకోండి, నోరు మాత్రం విప్పకండి. మాట్లాడేవాణ్ని మధ్యలో ఆపి దిద్దితే రేపటి నుంచి నోరు తెరవడు. అయ్యాక, ఎక్కువమంది చేసిన తప్పులు నాలుగైదు బోర్డు మీద రాసి, ఎవరివో చెప్పకుండా, వాళ్ల చేతే దిద్దించండి.

చివర్లో నాటకం. ఒకరు టికెట్ క్లర్కు, ఒకరు బస్ తప్పిపోయిన ప్రయాణికుడు. ఇక్కడికొచ్చేసరికి వాళ్లు గ్రామర్ సంగతి మర్చిపోతారు, కోప్పడతారు, బతిమాలతారు, నవ్వుతారు. మీరు కోరుకున్నది అదే. బయటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న అడిగి, జవాబు చెప్పించి పంపండి.

చిన్న పిల్లలైతే కూర్చోబెట్టకండి. అమెరికన్ సైకాలజిస్ట్ జేమ్స్ ఆషర్ 1960ల్లో చూపించిన పద్ధతి వాళ్లకి బాగా పనికొస్తుంది. మీరు "స్టాండ్ అప్", "టచ్ ద డోర్" అంటూ చేసి చూపిస్తారు, వాళ్లు చేస్తారు. కొన్ని రోజులు వాళ్లు మాట్లాడకపోయినా కంగారు పడొద్దు. తర్వాత వాళ్లే టీచరై మీకు ఆజ్ఞలిస్తారు.

ఇంకో అలవాటు తప్పక చేసుకోండి. ప్రశ్న అడిగాక ఆగండి. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో గమనించారు. ఆమె చూసింది సొంత భాషలో జరిగే సైన్స్ క్లాసుల్ని. పరాయి భాషలో ఇంకా ఎక్కువ సేపు కావాలి. మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మీకు టెన్షన్‌గా ఉంటుంది గానీ, విద్యార్థి అప్పుడు వాక్యం కూర్చుకుంటూ ఉంటాడు.

7. వారం వారం

మొదటి వారం భయం పోవడానికి. పరిచయాలు, అంకెలు, "ఇంకోసారి చెప్పండి", "నాకు అర్థం కాలేదు" లాంటి మాటలు. రెండో వారం నుంచి వాళ్లకి నిజంగా కావాల్సినవి: ఆస్పత్రి, ఉద్యోగ ఇంటర్వ్యూ, ఫోన్‌లో మాట్లాడటం. ఏం కావాలో మీరు ఊహించకండి, వాళ్లనే అడగండి.

మూడో వారంలో మీరు అలసిపోతారు. కొత్తదనం పోతుంది, కడుపు సరిగ్గా ఉండదు, టీమ్‌లో చిన్న చిన్న మాటలు పెద్దవవుతాయి. దీనికి మందు ముందే వేసుకోవాలి. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి అని మొదటి రోజే రాసుకోండి. రోజూ ఉదయం టీమ్ అంతా కలిసి ప్రార్థన చేసుకోండి. ఒకరి మీద ఒకరికి ఉన్న ఫిర్యాదు ఆ రోజు సాయంత్రంలోపే మాట్లాడేసుకోండి. ఈ వారం నుంచే స్థానిక టీచర్‌కి క్లాసులో సగం అప్పగించండి, మీరు వెనక బెంచీలో కూర్చోండి. నాలుగో వారం దాదాపు మొత్తం ఆయనదో ఆమెదో కావాలి.

8. హద్దులు

ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. పక్కన ఇంకో పెద్దవాళ్లుండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఫోటోకి తల్లిదండ్రుల్ని అడగండి, పేరూ ఊరూ కలిపి ఎక్కడా పెట్టకండి. మైనర్లకు మీ సోషల్ మీడియా ఖాతాలు ఇవ్వకండి. ఏదైనా పిల్లకి హాని జరుగుతోందని అనుమానం వస్తే మీరే విచారణ మొదలుపెట్టకుండా, పిల్లల భద్రతకు బాధ్యులుగా ఎవరిని పెట్టారో వాళ్లకి అదే రోజు చెప్పండి.

డబ్బు నేరుగా ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఇవ్వాలనిపిస్తే సంఘం పెద్దల ద్వారా, వాళ్లు చెప్పిన అవసరానికి ఇవ్వండి. "మా దేశం రా, నేను చూసుకుంటా" లాంటి మాట సరదాకి కూడా అనొద్దు. మీరు మర్చిపోతారు, విన్నవాళ్లు ఏళ్ల తరబడి ఎదురు చూస్తారు.

ఆదివారం ఆరాధనలో మీకు వేదిక మీద కుర్చీ వేస్తారు, ప్రసంగించమంటారు. పిలిస్తే క్లుప్తంగా మాట్లాడి, కిందికి వచ్చి అందరితో కూర్చోండి. వాళ్ల ప్రసంగం వినండి, వాళ్ల పాట ఒకటైనా నేర్చుకోండి.

9. ఆఖరి రోజులు, తిరిగొచ్చాక

మీరు వాడిన కార్డులు, పాఠాల ప్లాన్లు, బొమ్మలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి స్థానిక టీచర్‌కి ఇవ్వండి. ఇంటర్నెట్ లేకపోయినా పనికొచ్చేలా కాగితం మీదే ఉండాలి. ఏ పాఠం పండిందో, ఏది తేలిపోయిందో పక్కన నిజాయితీగా రాయండి. విద్యార్థులకు సర్టిఫికెట్ ఇస్తే "ఇన్ని గంటలు హాజరయ్యారు" అని మాత్రమే రాయండి. లేని స్థాయి రాస్తే రేపు ఇంటర్వ్యూలో ఇబ్బంది పడేది వాళ్లే.

తిరిగొచ్చాక మీ సంఘంలో సాక్ష్యం, అంటే అక్కడి మీ అనుభవం చెప్పేటప్పుడు, ఆ గదిలో మీ విద్యార్థులు కూర్చుని వింటున్నారనుకుని మాట్లాడండి. విశ్వసిస్తామని ఎంతమంది చేతులెత్తారు, ఎంతమంది మారారు అనే లెక్కలు పెద్దవి చేసి చెప్పకండి. డబ్బిచ్చినవాళ్లకు ఖర్చుల లెక్క పంపండి.

మలేరియా ప్రాంతం నుంచి వచ్చిన ఏడాదిలోపు జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పి రక్తపరీక్ష అడగండి. ఇక రెండు నెలలకి స్థానిక టీచర్‌కి ఫోన్ చేసి, క్లాసు నడుస్తోందా, ఏ కార్డులు వాడుతున్నారు, ఏం చాలడం లేదు అని కనుక్కోండి. వచ్చే ఏడాది టీమ్‌ని పంపాలా వద్దా అన్నది ఆ జవాబు విన్నాకే మీ సంఘం నిర్ణయించుకోవచ్చు.